దత్తాంశాలలో తేదీలు, వేళలు

తేదీ వ్రాయడం మనకు ఒకటో తరగతిలోనే అలవాటైన పని. పలక మీద పైన తేదీ వేస్తే గాని మా గురువులు పాఠం మొదలుపెట్టనిచ్చేవారు కారు. అంత చిన్ననాడే నేర్చిన విషయాన్ని గురించి కళాశాల సంచికలో ఒక వ్యాసం అవసరమా అని విద్యార్థి మిత్రులకు తోచవచ్చు. 2023వ సంవత్సరం వరకు నాకూ అట్లాగే తోచేది.

నేను తెలుగు బోధించేవాణ్ణి. సాంఖ్యక శాస్త్రం నా విషయం కాదు. ఆ సంవత్సరం మన ప్రవేశ రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కించి, ఉపకార వేతనాలకు అర్హులైనవారి పట్టికలు తీసే పనిని పాలకవర్గం వారు నాకు అప్పగించారు. ఒక ఉపకార వేతనానికి వయోనియమం ఉన్నది: ఏప్రిల్ 1 నాటికి 21 సంవత్సరాలు నిండి ఉండరాదు. మన విద్యార్థి ఒకరి పుట్టిన తేదీ రిజిస్టరులో 1/6/2002 అని ఉన్నది. అనగా జూన్ 1. ఆ లెక్కన 2023 ఏప్రిల్ 1 నాటికి అతని వయస్సు 20 సంవత్సరాల 10 నెలలు. కాని నేను తీసిన పట్టికలో అతని పేరు లేదు. యంత్రం ఆ తేదీని జనవరి 6గా చదివి, అతన్ని 21 నిండినవారిలో చేర్చింది. తేడా 146 రోజులు. ఆ పట్టికను రిజిస్టరుతో సరిచూడకుండానే నేను పంపాను.

ఆ అబ్బాయి పదవ తరగతి మెమో పట్టుకొని నా గదికి వచ్చేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. కంప్యూటరు తెరచి అతని వరుస చూపించాను. "సార్, నేను ఎండాకాలంలో పుట్టానని మా అమ్మీ చెబుతుంది. ఇక్కడ చలికాలం చేశారే" అన్నాడు. అతడు నవ్వుతూనే అన్నాడు గాని నాకు నవ్వు రాలేదు. ఆ సంవత్సరపు వేతనం అతనికి దక్కలేదు. సెలవులలో ఒక బట్టల దుకాణంలో పనిచేసి రుసుము కట్టుకున్నాడు.

ఆ పిదప గణిత, సాంఖ్యక శాఖల మిత్రులను అడిగి, గ్రంథాలు చదివి, నేను నేర్చుకున్న పాఠాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను. ప్రాజెక్టులకు దత్తాంశాలు సేకరించే విద్యార్థులకు ఇది అక్కరకు వస్తుందని నా ఆశ.

తేదీకి రూపం, విలువ

వ్యాకరణంలో శబ్దం వేరు, అర్థం వేరు అని చెప్పుకుంటాము. తేదీ విషయంలోనూ అంతే. కాగితం మీద మనం వ్రాసేది తేదీ యొక్క రూపం. సాంఖ్యక ప్రోగ్రాములు లోపల దాచుకునేది దాని విలువ. ఆ విలువ ఒక సంఖ్య మాత్రమే: నిర్ణీతమైన ఒక మూలదినం నుండి ఎన్ని రోజులు గడిచినవో ఆ లెక్క.

ఎస్.ఎ.ఎస్. అనే ప్రోగ్రాముకు మూలదినం 1960 జనవరి 1. ఆ రోజు విలువ సున్న, మరునాటి విలువ 1. అంతకు ముందటి రోజులకు ఋణ సంఖ్యలు. స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 విలువ అక్కడ ఋణ 4522. ఆర్ అనే ప్రోగ్రాముకు మూలదినం 1970 జనవరి 1 కాబట్టి అదే రోజు విలువ అక్కడ ఋణ 8175. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కిస్తుంది కాబట్టి అందులో 17394. రోజు ఒకటే, సంఖ్యలు మూడు. ఎస్.పి.ఎస్.ఎస్. తీరు మరొకటి. గ్రెగరీ పోపు సంస్కరించిన కాలెండరు 1582 అక్టోబరు 15న అమలులోకి వచ్చింది గదా; దానికి ముందటి తేదీయైన అక్టోబరు 14 మొదలు ఎన్ని సెకన్లు గడిచినవో అది లెక్కపెడుతుంది.

ఇట్లా సంఖ్యగా మార్చడంలోని ప్రయోజనం తీసివేతలో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ అవతరణ 1956 నవంబరు 1న. తెలంగాణ రాష్ట్రావతరణ 2014 జూన్ 2న. నడుమ ఎన్ని రోజులు? నెలలకు 30, 31, 28, నాలుగేండ్లకొక అధిక దినం అని వ్రేళ్లు మడుస్తూ కూర్చోనక్కర లేదు. ఆర్ లెక్కలో రెండవ తేదీ 16223, మొదటిది ఋణ 4809. తీసివేస్తే 21,032 రోజులు. వారం కనుగొనడానికి ఆ సంఖ్యను ఏడుతో భాగించి శేషం చూస్తే చాలును.

అయితే ఒక ప్రోగ్రాములోని సంఖ్యను మరొక ప్రోగ్రాములోనికి తీసుకుపోయేటప్పుడు మూలదినాన్ని మరచిపోరాదు. 2002 జూన్ 1కి ఎస్.ఎ.ఎస్.లో విలువ 15492. ఆ సంఖ్యను అట్లాగే ఆర్‌కు ఇచ్చి తేదీగా చూపమంటే 2012 జూన్ 1 అని చూపుతుంది. రోజు సరిపోయింది, నెల సరిపోయింది. కాని డిగ్రీ విద్యార్థి పదేండ్లు చిన్నవాడై కూర్చున్నాడు. చూడగానే పట్టుబడే పొరపాటు కన్న ఇటువంటిదే ఎక్కువ ప్రమాదకరం.

చదివే క్రమం, చూపే క్రమం

ఎస్.ఎ.ఎస్. నేర్చేవారు రెండు మాటలను తరచుగా వింటారు: ఇన్‌ఫార్మాట్, ఫార్మాట్. రూపం నుండి విలువను ఏ క్రమంలో చదవాలో చెప్పేది మొదటిది. విలువను తిరిగి ఏ రూపంలో చూపాలో చెప్పేది రెండవది. నా పొరపాటు మొదటి దానిలో జరిగింది. మన దేశంలో రోజు, నెల, సంవత్సరం అనే క్రమంలో వ్రాస్తాము. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత. నేను వాడిన కంప్యూటరు అమరిక అమెరికా పద్ధతిలో ఉన్నది. నేను క్రమం చెప్పలేదు, అది తనకు తెలిసిన క్రమంలో చదువుకున్నది.

ఈ పొరపాటు అన్ని తేదీలకూ జరిగి ఉంటే మొదటి నిమిషంలోనే పట్టుబడేది. 25/6/2002ని నెల ముందుగా చదవడం సాధ్యం కాదు, 25వ నెల లేదు గదా. కాని రోజు 12 లోపు ఉన్న తేదీ రెండు విధాలా అర్థమిస్తుంది. సంవత్సరంలో అటువంటి తేదీలు పన్నెండు పన్నెండ్లు 144. వాటిలో 1/1, 2/2 వంటివి పన్నెండు ఎటు చదివినా ఒకటే. తక్కిన 132 తేదీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి. మిగిలిన 221 తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించక ఉత్త అక్షరాల వరుసగా ఉంచేస్తుంది. అనగా పట్టికలో కొన్ని తేదీలు తప్పు, కొన్ని అసలు తేదీలే కావు. సగటు వయస్సు కట్టితే రెండవ రకం లెక్కలోనికే రావు; మొదటి రకం తప్పుగా వస్తాయి. అయినా జవాబు మాత్రం ఒకటి వస్తుంది.

దీనిని పట్టుకోవడానికి రెండు ఉపాయాలు చెబుతాను. మనం అమరిక మార్చకుండా ఉంటే ఎక్సెల్ గడిలో నిజమైన తేదీ కుడి వైపుకు, అక్షరాల వరుస ఎడమ వైపుకు చేరుతుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉంటే అనుమానించాలి. ఇక రెండవది: తేదీలుగా గుర్తింపబడిన వాటిలో రోజు సంఖ్య 12కు మించినది ఒక్కటైనా ఉన్నదా చూడాలి. వందలాది మంది జాబితాలో ఒక్కరు కూడా 13 నుండి 31 లోపు పుట్టకపోవడం జరిగే పని కాదు.

ఎక్సెల్ తేదీ కానిదాన్ని తేదీ చేయడం కూడా కలదు. మానవ జన్యువులలో కొన్నిటికి మార్చ్ 1, సెప్ట్ 2 అని సంక్షిప్త నామాలు ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 2 తేదీలుగా మార్చివేసేది. పరిశోధన పత్రాలకు జతచేసిన ఎక్సెల్ జన్యు పట్టికలను పరిశీలించి 2016లో ప్రకటించిన ఒక అధ్యయనంలో సుమారు ఐదింట ఒక వంతు పత్రాలలో ఇటువంటి దోషాలు కనబడినవి. చివరకు 2020లో జన్యు నామకరణ సంఘం వారు ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది. విద్వాంసులకు జరిగిన పొరపాటే మనకూ జరిగింది అని సమాధానపడవచ్చు గాని, వారి పొరపాటుకు పేరు మారింది. మన పొరపాటుకు ఒక కుర్రవాని రుసుము పోయింది.

రెండంకెల సంవత్సరం, వయస్సు లెక్క

పాత రిజిస్టర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో వ్రాసే అలవాటు ఉన్నది. 12-3-45 అని ఉంటే మనం ఎవరో పెద్దవారి పుట్టుక అనుకుంటాము. ఎక్సెల్ సాధారణ అమరికలో 30 నుండి 99 వరకు 1900లలోను, 00 నుండి 29 వరకు 2000లలోను చేరుస్తుంది. ఆర్ మాత్రం 69 నుండి 99 వరకే 1900లకు ఇచ్చి, 00 నుండి 68 వరకు 2000లలో వేస్తుంది. కాబట్టి ఎక్సెల్‌లో 1945లో పుట్టిన తాతగారు ఆర్‌లో 2045లో పుట్టబోతారు. సంవత్సరాన్ని నాలుగంకెలతో వ్రాయడానికి అదనంగా పట్టేది రెండంకెల సిరా మాత్రమే.

వయస్సు కట్టేటప్పుడు రోజుల తేడాను 365.25తో భాగించడం వాడుకలో ఉన్నది. సగటులకు అది చాలును. అర్హతకు చాలదు. 2002 జూన్ 1న పుట్టినవానికి 2023 జూన్ 1న సరిగా 21 నిండుతాయి. నడుమ గడిచిన రోజులు 7670. దానిని 365.25తో భాగిస్తే 20.999 వస్తుంది. దశాంశాలు వదలివేస్తే 20. పుట్టినరోజు నాడే యంత్రం ఒక ఏడాది తగ్గించింది! కాబట్టి సంవత్సరాన్ని సంవత్సరంలో నుండి తీసి, ఈ ఏటి పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించడమే సరియైన పద్ధతి. మన పెద్దలు నోటిలెక్కగా చేసేది ఇదే.

దినం ఎప్పుడు మొదలవుతుంది?

తేదీ తరువాత వేళ. ఎస్.ఎ.ఎస్. వేళను అర్ధరాత్రి నుండి గడిచిన సెకన్లుగా దాచుకుంటుంది. దినమంతటికీ 86,400 సెకన్లు. ఎక్సెల్ దినంలో భాగంగా దాచుకుంటుంది. సాయంత్రం 6 గంటలు అక్కడ 0.75. రెండింటికీ దినం అర్ధరాత్రి మొదలవుతుంది. కాని అది మనుష్యులు చేసుకున్న ఏర్పాట్లలో ఒకటి మాత్రమే.

గురువారాన్ని ఉర్దూలో జుమేరాత్ అంటాము. శుక్రవారపు రాత్రి అని ఆ మాటకు అర్థం. సూర్యాస్తమయంతో దినం మొదలయ్యే హిజ్రీ లెక్కలో గురువారం సాయంత్రం తరువాత వచ్చే రాత్రి శుక్రవారానికే చెందుతుంది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. ఖగోళ శాస్త్రజ్ఞుల జూలియన్ దినసంఖ్య నేటికీ మధ్యాహ్నం 12 గంటలకు మారుతుంది. ఒక రాత్రి పరిశీలనలన్నీ ఒకే సంఖ్య క్రింద ఉండడం వారికి సదుపాయం.

ఈ సదుపాయం మనకూ పనికి వస్తుంది. వసతిగృహంలో నలుగురు విద్యార్థులు నిద్రపోయే వేళలు అడిగారనుకోండి. రాత్రి 11, 11.30, 12.30, 1 గంట అని చెప్పారు. యంత్రానికి అవి 23, 23.5, 0.5, 1. కూడితే 48. నాలుగుతో భాగిస్తే 12. అనగా సగటున మన విద్యార్థులు మధ్యాహ్నం 12 గంటలకు నిద్రపోతున్నారు! ఖగోళ శాస్త్రజ్ఞుల వలె దినాన్ని మధ్యాహ్నం నుండి లెక్కిస్తే అవే వేళలు 11, 11.5, 12.5, 13 అవుతాయి. సగటు 12. మధ్యాహ్నం తరువాత 12 గంటలు అంటే అర్ధరాత్రి. ఇదే సరియైన జవాబు. వేళలు దినమంతటా పరచుకొని ఉంటే గడియారపు ముల్లు చూపే కోణాలుగా మార్చి సగటు తీయాలి. ఆ పద్ధతిని సాంఖ్యక శాఖ వారు బోధిస్తారు.

అర్ధరాత్రి దాటే వ్యవధులలోనూ ఇదే చిక్కు. కావలివాడు రాత్రి 10కి వచ్చి ఉదయం 6కు వెళ్లాడు. 6లో నుండి 22 తీస్తే ఋణ 16 గంటలు. దానికి 24 కలిపితే 8 గంటలు అనే సరియైన జవాబు వస్తుంది. అంతకంటె మంచి పద్ధతి తేదీని, వేళను రెండింటినీ కలిపి వ్రాసుకోవడం. 15వ తేదీ 0 గంటల 10 నిమిషాలకు బయలుదేరే రైలుకు 15 రాత్రి భోజనం చేసి స్టేషనుకు పోయినవారి కథ మీరు వినే ఉంటారు. వారి రైలు ముందటి రాత్రే పోయింది.

మరొక సూక్ష్మం ఉన్నది. భారత ప్రామాణిక కాలం ప్రపంచ ప్రామాణిక కాలం కన్న 5 గంటల 30 నిమిషాలు ముందు, అనగా 19,800 సెకన్లు. తేదీ మాత్రమే ఉన్న దానిని కొన్ని ప్రోగ్రాములు ఆ రోజు అర్ధరాత్రిగా తీసుకొని ప్రపంచ కాలంలోనికి మారుస్తాయి. అప్పుడు ఆగస్టు 15 మొదటి క్షణం ఆగస్టు 14 సాయంత్రం 6.30 అవుతుంది. పిదప వేళను తీసివేసి తేదీని మాత్రం ఉంచితే పట్టిక మొత్తం ఒక రోజు వెనుకకు జరుగుతుంది. కాబట్టి వేళ అవసరం లేని చోట, పుట్టిన తేదీకి వలె, తేదీని తేదీగానే ఉంచాలి. తేదీతో కూడిన వేళగా మార్చరాదు.

పాత రిజిస్టర్లు

మన ప్రాంతంలో పాత కాగితాలు కంప్యూటరులోకి ఎక్కించేవారికి ఇంకొక పరీక్ష కలదు. నిజాం రాజ్యపు దస్తావేజులలో ఫసలీ సంవత్సరాలు, ఆజూరు, దై, బహమన్ వంటి మాసాలు కనబడతాయి. ఫసలీ 1357 అంటే 1947 అని కొట్టివేయడం సులువు. కాని ఆ సంవత్సరం 1947లో మొదలై 1948లో ముగిసింది. నెల చూడనిదే 590 కలపాలో 591 కలపాలో తేలదు. మద్రాసు రెవెన్యూ లెక్కలలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది కాబట్టి కాగితం ఏ ప్రాంతానిదో కూడా తెలియాలి. హిజ్రీ సంవత్సరం 354 గాని 355 గాని రోజులు కావడంతో దానికి స్థిరమైన కూడిక అసలే లేదు. ఇటువంటి చోట కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్లే ఒక వరుసలో వ్రాసి, మార్చిన తేదీని మరొక వరుసలో వ్రాయడం ఉత్తమం. మార్పులో పొరపాటు దొర్లినా మూలం చెడదు.

ఇంకొక మాట. ప్రవేశ రిజిస్టర్లలో జూన్ నెల పుట్టుకలు, అందులోనూ జూన్ 1 పుట్టుకలు ఎక్కువగా ఉండడం ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. చదువుకోని తల్లిదండ్రులు పిల్లవాణ్ణి బడిలో వేసిననాడు, తేదీ తెలియక, పంతులుగారు బడి తెరిచే నెలను వేసేవారు. అది యంత్రపు పొరపాటు కాదు. దానిని సరిచేసే అధికారం మనకు లేదు. రిజిస్టరులో ఉన్న తేదీయే చట్టానికి తేదీ. కాని పుట్టిన నెలలను బట్టి ఏదైనా సిద్ధాంతం చేయబోయే విద్యార్థి ఈ సంగతి ఎరిగి ఉండాలి. 1/6 అన్న ఆ తేదీయే తారుమారయ్యే 132 తేదీలలో ఒకటి కావడం గమనించండి. తేదీ తెలియని ఇండ్ల పిల్లలకే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

పాటించవలసినవి

దత్తాంశాలను సేకరించే విద్యార్థులు ఈ నియమాలు పాటించవలెనని కోరుతున్నాను. తేదీని సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో 2002-06-01 అని వ్రాయండి. 1988లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 పద్ధతి ఇదే. ఇందులో రెండర్థాలకు తావు లేదు. అక్షరాల వరుసగా పేర్చినా కాలక్రమంలోనే పేరుకుంటుంది. చదివే క్రమాన్ని ప్రోగ్రాముకు మీరే చెప్పండి, దాని ఊహకు వదలకండి. వేళను 24 గంటల పద్ధతిలో వ్రాయండి. చదివించిన తరువాత అన్నిటికన్న పాత తేదీ, అన్నిటికన్న క్రొత్త తేదీ చూడండి; ఇంకా పుట్టనివారు, నూరేండ్లు దాటిన విద్యార్థులు అక్కడే కనబడతారు. చివరగా, ఓ పది వరుసలు ఎత్తి మూల కాగితంతో పోల్చండి. ఈ పది వరుసలలో 1/6 వంటివి కొన్ని తప్పక ఉండాలి.

పాలకవర్గం వారికి ఒక మనవి. ప్రవేశ దరఖాస్తులో పుట్టిన తేదీకి ఇప్పుడు ఒకటే గీత ఉన్నది. దానికి బదులు రోజుకు, నెలకు, సంవత్సరానికి వేరువేరు గడులు అచ్చువేయించి, నెలను అక్షరాలలో వ్రాయించవలెను. ఉపకార వేతనాల పట్టికను పంపడానికి ముందు మూడు రోజులు నోటీసు బోర్డు మీద ఉంచి, అనర్హులుగా తేలినవారి పేర్లను కూడా కారణంతో సహా ప్రకటించవలెను. యంత్రానికి కనబడని పొరపాటు ఆ పేరు గల విద్యార్థికి ఒక్క చూపులో కనబడుతుంది. ఆ మూడు రోజులు 2023లో ఇచ్చి ఉంటే ఆ అబ్బాయి మెమో పట్టుకొని గడువుకు ముందే వచ్చి ఉండేవాడు.

అతడు డిగ్రీ పూర్తిచేసుకొని వెళ్లాడు. వెళ్లేటప్పుడు బదిలీ పత్రం నా చేతికిచ్చి, "తేదీ ఒకసారి చూడండి సార్" అన్నాడు. చూశాను. రిజిస్టరు తెప్పించి దానితో కూడా పోల్చి చూశాను. రెండింటిలోనూ జూన్ 1 అనే ఉన్నది.